కరెంటు పోయినా నిలిచే కార్యక్రమాల పట్టిక: హనుమకొండ డాబా మీది డిష్‌తో నాలుగు నెలల పని

ఎండాకాలపు గాలిదుమారానికి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లోని రిసీవర్‌లో కార్యక్రమాల పట్టిక ఖాళీ అయిపోయేది. చూస్తున్న ఛానల్‌లో ఇప్పుడు వస్తున్నది, దాని తరువాత రాబోయేది వెంటనే కనిపించేవి కానీ, రాత్రి ఎనిమిదిన్నరకు మరో ట్రాన్స్‌పాండర్ (ఉపగ్రహంలో కొన్ని ఛానళ్లను కలిపి ప్రసారం చేసే భాగం) లోని ఛానల్‌లో ఏముందో తెలియాలంటే అక్కడికి వెళ్లి కాసేపు ఆగవలసి వచ్చేది. “కరెంటు పోయొచ్చినంక ఇండ్ల ఏ పోగ్రాం ఎప్పుడొస్తదో కనిపిస్తలేదు బిడ్డా” అని అమ్మ అన్న రోజున ఈ పని మొదలుపెట్టాను. అప్పటి నుంచి ఆదివారాల్లో చేసినదంతా, తప్పులతో సహా, వరుసగా రాస్తున్నాను.

మొదటి రెండు వారాలు డిష్‌కే సరిపోయాయి. డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తాయి. లెక్క ప్రకారం వరంగల్ నుంచి ఆ ఉపగ్రహం ఉత్తరం నుంచి సుమారు 141 డిగ్రీల దిశలో, అంటే ఆగ్నేయానికి కొంచెం దక్షిణంగా, దిగ్మండలం నుంచి 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. మా వాడలో కోతులు డిష్ చేతిని పట్టుకుని ఊగుతాయి కాబట్టి కింది క్లాంపుకు అదనంగా రెండు బోల్టులు వేయించాను. రెండు అవుట్‌పుట్లున్న ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండి సిగ్నల్‌ను అందుకునే భాగం) పెట్టి, ఒక కేబుల్ హాల్లో ఎనిగ్మా2 అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే రిసీవర్‌కు, రెండోది నా గదిలో రాస్ప్‌బెర్రీ పై అనే పాత చిన్న కంప్యూటర్‌కు తగిలించిన యూఎస్‌బీ ట్యూనర్‌కు తెచ్చాను. అమ్మ టీవీ చూస్తుండగానే ప్రవాహాన్ని పరిశీలించుకోవడానికి ఈ ఏర్పాటు తప్పనిసరి.

ఉపగ్రహం నుంచి వచ్చేది 188 బైట్ల ప్యాకెట్ల ప్రవాహం. ప్రతి ప్యాకెట్ తలలోనూ అది దేనికి సంబంధించినదో చెప్పే పీఐడీ అనే సంఖ్య ఉంటుంది. కార్యక్రమాల పట్టికది 18, సమయానిది 20. టీఎస్‌డక్ అనే పరిశీలన సాఫ్ట్‌వేర్‌తో 18వ పీఐడీని వేరు చేసి చూసిన మొదటి రాత్రి నాకు అసలు సంగతి అర్థమైంది. పట్టికను ఎవరూ మన రిసీవర్ పెట్టెకు ఒకసారి పంపించి ఊరుకోరు, మన పెట్టె అడగనూ లేదు. అదే పట్టిక చిన్న చిన్న సెక్షన్లుగా తిరుగుతూనే ఉంటుంది. పెట్టె చేయవలసిందల్లా వచ్చినదాన్ని వచ్చినట్టు ఏరుకుని, ఇంకా రానిదేదో గుర్తుపెట్టుకోవడం. అందుకే పెట్టె ఎంతసేపు ఆన్‌లో ఉంది, ఏ ట్రాన్స్‌పాండర్ మీద నిలిచింది అన్న రెండు విషయాలను బట్టే పట్టిక నిండుతుంది.

సెక్షన్లను వాటి పట్టిక సంఖ్యను బట్టి గుర్తుపట్టాలి. 78 అంటే మనం నిలిచి ఉన్న ఈ ట్రాన్స్‌పాండర్‌లోని ఛానళ్ల ఇప్పుడు-తరువాత సమాచారం. డీవీబీ అనే డిజిటల్ టీవీ ప్రమాణపు మార్గదర్శకాల ప్రకారం ఇది కనీసం 2 సెకన్లకు ఒకసారి రావాలి. ఇతర ట్రాన్స్‌పాండర్లకు సంబంధించిన అదే సమాచారం 79లో వస్తుంది. రాబోయే రోజుల పట్టిక ఈ ట్రాన్స్‌పాండర్‌కైతే 80 నుంచి 95 వరకు, ఇతర ట్రాన్స్‌పాండర్లకైతే 96 నుంచి 111 వరకు ఉన్న సంఖ్యలలో ఉంటుంది. ఒక్కొక్క సంఖ్య నాలుగు రోజులను మోస్తుంది. ఆ నాలుగు రోజులను మూడేసి గంటల చొప్పున 32 ముక్కలు చేసి, ముక్కకు 8 సెక్షన్ల చోటు కేటాయించారు. ఎనిమిదీ రావాలని లేదు. ఆ ముక్కలో చివరి సెక్షన్ ఏదో ప్రతి సెక్షన్‌లోనూ రాసి ఉంటుంది కాబట్టి, ముక్క పూర్తయిందో లేదో దానితోనే తేల్చుకోవాలి. నేను ఆ అంకెను పట్టించుకోక, రాని సెక్షన్ల కోసం ఒక సాయంత్రమంతా ఎదురుచూశాను.

ఈ ముక్కలన్నీ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి నుంచి మొదలవుతాయి. అది మనకు ఉదయం 5:30. కాబట్టి మన గడియారంలో ముక్కల హద్దులు 5:30, 8:30, 11:30 ఇలా పడతాయి. సాయంత్రం ఏడు గంటల వార్తలు 5:30 నుంచి 8:30 వరకు ఉన్న ముక్కలో, తొమ్మిది గంటలవి దాని తరువాతి ముక్కలో ఉంటాయి. ఈ 5:30తోనే నాకు పెద్ద దెబ్బ తగిలింది. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసుకున్న నా ప్రోగ్రాం ప్రతి సెక్షన్‌ను దాని సంఖ్య పేరుతోనే దాచేది. మరునాడు పొద్దున లేచి చూస్తే సగం కార్యక్రమాలు రెండేసిసార్లు ఉన్నాయి. తెల్లవారి 5:30కు ‘ఈ రోజు’ మారిపోతుంది. నిన్న 8వ ముక్కగా ఉన్నది ఈరోజు 0వ ముక్క అవుతుంది. నా ప్రోగ్రాం మాత్రం రెండింటినీ వేర్వేరు అనుకుని దాచుకుంది. ఇప్పుడు సెక్షన్ సంఖ్యను దాచడానికి వాడటం లేదు. ఛానల్‌ను గుర్తించే మూడు సంఖ్యలను, కార్యక్రమపు సొంత సంఖ్యను కలిపి తాళంచెవిగా పెట్టుకుని, దానితోపాటు ప్రారంభ సమయాన్ని బట్టి మరొక వరుస కూడా ఉంచాను. కొత్తగా వచ్చిన కార్యక్రమం సమయం పాతదాని మీద పడితే పాతది తొలగిపోతుంది. ఎనిగ్మా2 కూడా ఇలాగే సంఖ్య వారీగా ఒకటి, సమయం వారీగా ఒకటి, రెండు వరుసలు నడుపుతుందని తరువాత దాని మూల కోడ్‌ను చదివినప్పుడు తెలిసింది.

సమయం 5 బైట్లలో వస్తుంది. మొదటి రెండు బైట్లు 1858 నవంబరు 17 నుంచి గడిచిన రోజుల లెక్క. 2025 జనవరి 1కి అది 60676. మిగిలిన మూడు బైట్లలో గంటలు, నిమిషాలు, సెకన్లు అంకెకు అంకెగా ఉంటాయి. సాయంత్రం 7 గంటల కార్యక్రమానికి అక్కడ 13 30 00 అని కనిపిస్తుంది. దానికి ఐదున్నర గంటలు కలపాలి. రెండు బైట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య 65535 కాబట్టి ఈ రోజుల లెక్క 2038 ఏప్రిల్ 22తో నిండిపోతుంది. నా ప్రోగ్రాంలో అప్పటికి ఏమి చేయాలో ఇప్పుడే ఒక వరుస రాసి పెట్టుకున్నాను.

తెలుగు అక్షరాల కోసం పెట్టిన రెండు వారాలు నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి. వాక్యంలో మొదటి బైట్ 21 అయితే మిగతాది యూటీఎఫ్-8 (అక్షరాలను బైట్లుగా రాసే ఒక పద్ధతి), 17 అయితే రెండు బైట్ల యూనికోడ్. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడుతుంది. ‘వరంగల్’ అని రాస్తే వ, ర, సున్నా, గ, ల, పొల్లు కలిపి 18 బైట్లు; ‘క్ష’ ఒక్కటే 9 బైట్లు. పేరు, క్లుప్త వివరణ కలిపి పట్టే చోటు గరిష్ఠ పొడవు 255 బైట్లు. భాష గుర్తు, పొడవుల అంకెలు, మొదటి బైట్లు పోగా మిగిలేది 248. అంటే తెలుగులో 82 సంకేతాలు. ఒక ఛానల్ వివరణల చివర ప్రశ్నార్థకపు పెట్టెలు కనిపిస్తుంటే నా ప్రోగ్రాం తప్పే అనుకున్నాను కానీ, బైట్లను ఒక్కొక్కటిగా కాగితం మీద రాసి చూస్తే అక్షరం మధ్యలోనే కోత పడి ఉంది. ఇప్పుడు చివరన అసంపూర్ణంగా ఉన్న బైట్లను తీసేసి, ముందున్న పూర్తి అక్షరం వరకే చూపిస్తున్నాను. మన భాష తెర మీద విరిగి కనిపించకూడదు.

ఇక దాచే సంగతి. ఎనిగ్మా2 పట్టిక మొత్తాన్ని పనిచేసేటప్పుడు కరెంటు పోతే చెరిగిపోయే ర్యామ్‌లోనే ఉంచుతుంది; పద్ధతిగా ఆపినప్పుడు ‘epg.dat’ అనే ఫైలులో రాసి, మళ్లీ మొదలైనప్పుడు చదువుకుంటుంది. ఒకే వివరణ పదిసార్లు వస్తే దాన్ని ఒక్కసారే ఉంచి, ఎన్ని చోట్ల వాడారో లెక్క పెట్టుకుంటుంది. మార్పు వచ్చినప్పుడల్లా కరెంటు పోయినా చెరగని ఫ్లాష్ మెమరీలో రాస్తే ఫ్లాష్ త్వరగా అరిగిపోతుంది కాబట్టి ఈ పద్ధతి సరైనదే, కానీ కరెంటు హఠాత్తుగా పోయే ఊళ్లో ‘పద్ధతిగా ఆపడం’ అనేది జరగదు. అందువల్ల ఫైలును పెన్‌డ్రైవ్‌కు మార్చి, ఓపెన్‌వెబ్‌ఇఫ్ (రిసీవర్‌ను బ్రౌజర్ నుంచి నడిపే ప్లగిన్) లోని భద్రపరిచే ఆదేశాన్ని గంటకొకసారి పిలిచేలా చేశాను. నా సొంత ప్రోగ్రాంలో ముందుగా తాత్కాలిక ఫైలులో రాసి, పూర్తయ్యాకే అసలు పేరు పెడతాను. రాస్తుండగా కరెంటు పోయినా పాత ఫైలు చెడదు.

తాజాపరచడంలో ఒక మెలిక ఉంది. సెక్షన్‌లోని వెర్షన్ సంఖ్య 0 నుంచి 31 వరకు తిరుగుతుంది. ఒక్క కార్యక్రమం మారినా ఆ ఛానల్‌కు సంబంధించిన ఆ నాలుగు రోజుల సెక్షన్లన్నిటిలోనూ అది మారుతుంది. వెర్షన్ మారితే సెక్షన్ చివరి సీఆర్‌సీ (సెక్షన్ చెడకుండా అందిందో లేదో తేల్చే సరిచూపు సంఖ్య) కూడా మారుతుంది కాబట్టి, సీఆర్‌సీలను పోల్చి మార్పులు కనిపెట్టాలన్న నా ఆలోచన పనికిరాలేదు. ఇప్పుడు కార్యక్రమం కార్యక్రమంగా బైట్లను పోలుస్తున్నాను. సీఆర్‌సీ అసలు ఉపయోగం ఆషాఢంలో తెలిసింది: ముసురు పట్టి సిగ్నల్ తగ్గిన మధ్యాహ్నం చెడిన సెక్షన్లను అదే ఆపింది, తరువాతి చుట్టులో మంచివి వచ్చి చేరాయి.

చివరగా మిగిలింది గడియారం. రాస్ప్‌బెర్రీ పైలో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు వచ్చాక అది ఆగిపోయిన చోటి సమయంతోనే మొదలై, అయిపోయిన కార్యక్రమాన్ని ‘ఇప్పుడు’ అని చూపించేది. 20వ పీఐడీలో సమయం కనీసం 30 సెకన్లకు ఒకసారి రావాలి. అది అందేవరకు దాచిన పట్టికను తెరవకుండా ప్రోగ్రాంను ఆపి ఉంచాను. పోయిన గురువారం రాత్రి కరెంటు నలభై నిమిషాలు పోయి వచ్చింది. హాల్లో రిసీవర్ లేచాక ఎనిమిదిన్నర వరుస అన్ని ఛానళ్లకూ నిండుగానే ఉంది, నా గదిలో ప్రోగ్రాం సమయం అందిన వెంటనే అదే వరుసను చూపించింది.