షెల్టర్ పిల్లులకి బొమ్మలు: నా అనుభవం

హైదరాబాద్‌లో మా ఇంటికి దగ్గర్లోని ఒక షెల్టర్‌లో పిల్లులకి బొమ్మలు చేసిద్దామనిపించి, ముందు వాళ్లకే ఫోన్ చేశాను. పిల్లుల గది చూసుకునే అమ్మాయి ఎత్తింది. "అక్కా, తాడు, ఊలు, రబ్బరు బ్యాండ్లు మాత్రం వద్దండీ" అంది మొదటి మాటే. పిల్లి నాలుక మీది ముళ్లు గొంతు వైపుకి వంగి ఉంటాయి. దారం నోట్లోకి పోయిందంటే ఉమ్మడం కష్టం, మింగుతూనే పోతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుని మిగతాది లోపలికి దిగితే, పేగు కుచ్చిళ్లు పోసినట్టు ముడుచుకుంటుంది. అప్పుడు చాలాసార్లు ఆపరేషన్ దాకా వెళ్తుంది. బొమ్మల పుస్తకాల్లో పిల్లి పక్కన ఊలు ఉండ వేసేది ఎవరో గానీ!

ఇంకో షరతు, ప్రతిదీ బాగా ఉతకగలిగేదో, వాడి పారేసేదో అయ్యుండాలి. పిల్లులకి పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు వస్తుంది. కూనలకైతే ప్రాణాంతకం. దాని వైరస్ వస్తువుల మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు సబ్బుకి చావదు, బ్లీచ్ కావాలి. అందుకే ఒక బోనులో బొమ్మ ఇంకో బోనులోకి వెళ్లకూడదు. అంటే ఏ పిల్లి బొమ్మ దానికే.

అట్టతో చేస్తే ఖర్చుండదు, పారేసినా బాధుండదు. టాయిలెట్ రోల్ గొట్టానికి పక్కన చిన్న కంతలు చేసి, లోపల నాలుగు పలుకులు డ్రై ఫుడ్ వేసి, రెండు చివర్లూ మడిచేశాను. పిల్లి దాన్ని పంజాతో దొర్లిస్తూ ఒక్కో పలుకూ రాల్చుకుంటుంది. బోనులో రోజంతా తోచక కూర్చునే పిల్లికి అదొక వేట.

గుడ్డ బొమ్మలు పాత టీషర్టులతో. జానెడు పొడవు సంచీలా కుట్టి, గుడ్డ పీలికలు కుక్కాను. ముందు కాళ్లతో కావలించుకుని వెనక కాళ్లతో తన్నాలంటే ఆ మాత్రం పొడవు కావాలి. గుండీలు, గంటలు పెట్టలేదు, ఊడితే మింగేస్తాయి. మిషన్ మీద రెండు వరసలు కుట్టమంటే అమ్మ, "నా జాకెట్లకే ఇంత గట్టిగా కుట్టుకోలేదే" అంది. కుప్పింటాకు వేరుకి పిల్లులు ఎగబడతాయి, అది పెట్టమని కూడా చెప్పింది. షెల్టర్ డాక్టరు గారు వద్దన్నారు. నమిలే బొమ్మలో మందు మొక్కలేవీ పెట్టకూడదట. పిల్లులకి మత్తెక్కించే క్యాట్‌నిప్ అనే మొక్క జోలికి నేనే పోలేదు. అది అన్ని పిల్లులకీ ఎక్కదు, పసికూనలకి అసలే ఎక్కదు.

తీసుకెళ్లాక చూస్తే, కొత్తగా వచ్చిన ఒక చారల పిల్లి బొమ్మల వైపే చూడలేదు. అవి తెచ్చిన కొరియర్ పెట్టెలో దూరి కూర్చుంది. కొత్తచోట పిల్లికి ముందు కావలసింది దాక్కునే మూల. నెదర్లాండ్స్‌లోని ఒక షెల్టర్‌లో 19 పిల్లుల మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, పెట్టె ఇచ్చిన పిల్లులు మూడు, నాలుగు రోజులకే మిగతావాటి కన్నా తక్కువ టెన్షన్‌తో కనిపించాయి.

"ఈసారి పెట్టెలే ఎక్కువ తెండక్కా" అంది ఆ అమ్మాయి. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో చెప్పి పెట్టెలు పక్కన పెట్టిస్తున్నాను. టేపు, పిన్నులు, అడ్రస్ స్టిక్కర్లు పీకేసి, పిల్లి పట్టేంత గుమ్మం కోసి ఇస్తే చాలు.