వాయిదా పడే గుల్ల

ఇవాళ పొద్దున లైటు వేసేసరికి అక్వేరియంలో మగ చెర్రీ రొయ్యలన్నీ ఒకటే హడావుడి. రోజంతా నాచు గిల్లుకుంటూ కూర్చునే బాపతు ఇవి. రాళ్ల పక్కన ఖాళీ గుల్ల కనిపించాక సంగతి అర్థమైంది. ఆడది గుల్ల విడవగానే దాని ఒంట్లోంచి నీళ్లలో కలిసే రసాయనం వీటిని అలా పరుగెత్తిస్తుంది. దాని ఒళ్లు మెత్తగా ఉన్న ఆ కాసేపట్లోనే జత కట్టాలి మరి.

ఆఫీసులో కూడా బుర్ర దీని చుట్టూనే తిరిగింది. జత కడితేనే గుడ్లు తయారవుతాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి ముందే అండాశయంలో పండి ఉంటాయి. చెర్రీల్లో అయితే తల వెనక పసుపు మచ్చలా బయటికే కనిపిస్తాయి. మంచినీటి చెరువుల్లో పెంచే నీలకంఠ రొయ్య మగది దొరక్కపోయినా సరే, గుల్ల విడిచిన ఒక రోజులోపే గుడ్లు పెట్టేస్తుంది. ఫలదీకరణ జరగలేదు కనుక అవి కొద్ది రోజుల్లోనే రాలిపోతాయి. జత కుదిరితే మాత్రం పొట్ట కింద ఈతకాళ్లకు అంటిపెట్టుకుని ఉంటాయి, తల్లి సుమారు 3 వారాలు మోస్తుంది. అన్నాళ్లూ గుల్ల విడవడం వాయిదా! విడిస్తే గుడ్లూ దాంతోపాటే పోతాయి. రొయ్య పెరిగేది గుల్ల మార్చినప్పుడే కాబట్టి ఎదుగుదల కూడా అంతవరకు ఆగినట్టే. జత కట్టడంతో దాని ఒంటి క్యాలెండరే మారిపోతుందన్నమాట.

టైగర్ రొయ్య వ్యవహారం వేరు. అదీ మెత్తగా ఉన్నప్పుడే జత కడుతుంది గానీ, మగది ఇచ్చిన వీర్యాన్ని ఛాతీ కింద సంచిలో దాచుకుని, తర్వాత వీలునుబట్టి గుడ్లను నీళ్లలోకి వదిలేస్తుంది. మళ్లీ గుల్ల విడిచిందా, దాచుకున్నదంతా గుల్లతో పాటే పోయినట్టు. ఇంకో జత వెతుక్కోవాల్సిందే. చెరువుల్లో పెంచే ఇంకో రకం, వనామి రొయ్యకు ఈ బాధ లేదు, గుల్ల గట్టిగా ఉండగానే, గుడ్లు పెట్టడానికి కొన్ని గంటల ముందు జత కడుతుంది.

గుల్ల విడవడాన్నీ గుడ్లు పండటాన్నీ ఆపి ఉంచే హార్మోన్లు రెండూ కంటికాడలోంచే వస్తాయి. అందుకే రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీల్లో ఆడ రొయ్యకు ఒక కంటికాడ నలిపేస్తారు. గుడ్లు త్వరగా పండుతాయి నిజమే, నాకు మాత్రం ఆ పద్ధతి మింగుడుపడదు. కాడ ముట్టుకోకుండా, మంచి మేత పెట్టి, వెలుతురూ నీటి వేడీ సర్దుతూ గుడ్లు పెట్టిస్తున్న హేచరీలూ ఉన్నాయి.