గివ్ అప్‌లో ఆ ‘అప్’ ఎక్కడిది?

“పెదనాన్నా, గివ్ అంటే ఇవ్వడం, అప్ అంటే పైకి. మరి రెండూ కలిస్తే మానేయడం ఎలా అవుతుంది?” అంటూ మా తమ్ముడి కూతురు నోట్సు నా ముందు పెట్టింది. ‘మై ఫాదర్ గేవ్ అప్ టు స్మోక్’ అన్న వాక్యంలో చివరి రెండు మాటల కింద ఎర్ర సిరా గీత ఉంది.

అక్కడ ‘స్మోకింగ్’ అని రావాలనీ, ‘ఇట్’ వాడితే ‘గివ్ ఇట్ అప్’ అని నడుమనే చేర్చాలనీ వెంటనే చెప్పగలిగాను గానీ, ‘అప్’ సంగతి దగ్గర ఆగిపోయాను.

ఇంతలో అమ్మ వంటింట్లోంచి, “పుస్తకం అక్కడ పెట్టేసి రా తల్లీ, చారు చల్లారిపోతోంది” అని పిలిచింది.

చారు ఎక్కడికీ పోవడం లేదు, పుస్తకాన్ని ఎవరూ విసిరి వేయడం లేదు. అయినా ‘పోవు’, ‘వేయు’ మరో క్రియ వెనక చేరి, తమ సొంత అర్థం వదులుకుని, పని పూర్తయిందన్న భావాన్ని ఇస్తున్నాయి. ‘మానేయడం’లో ఉన్నదీ ఆ ‘వేయు’నే. ‘గివ్’ వెనక చేరిన ‘అప్’ కూడా ఇలాగే ‘పైకి’ అన్న అర్థం వదులుకుంది. పుట్టినప్పటి నుంచి వింటున్న ఈ పోలిక నాకు ఇన్నాళ్లూ తట్టనందుకు ఆశ్చర్యమూ, తట్టినందుకు ఎంతో సంతోషమూ కలిగాయి.

భోజనాలయ్యాక ఇద్దరం వాక్యాలు రాశాం. బస్సులో ముసలావిడకు సీటు గివ్ అప్ చేస్తే ఇచ్చేయడం, ఆశను చేస్తే వదులుకోవడం, పొడుపుకథ విప్పలేక ‘ఐ గివ్ అప్’ అంటే ఓడిపోయానని ఒప్పుకోవడం.

చివరికి పాత వాక్యాన్ని దిద్దుకుని, పక్కన పెన్సిలుతో ‘మానేశారు’ అని రాసుకుంది.