ఐదు చుక్కలు

"అయిపోయిందేటమ్మా? ఐదు చుక్కలేనా?" అని అమ్మ సిస్టర్‌ని రెండోసారి అడిగింది.

ఈ ఉదయం విశాఖ ఆరిలోవలో. చెల్లి కొడుక్కి ఆరు వారాలు నిండాయి. పిల్లలకి విరేచనాలు తెచ్చే రోటావైరస్ రాకుండా వేసే టీకా చుక్కలు నోట్లో పడగానే వాడు చప్పరించి, ఇంకా కావాలన్నట్టు నాలుక బయట పెట్టాడు. సూదికి మాత్రం పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడులెండి.

సీసా మీద రోటావాక్ అని ఉంది. దాని కథ నాకు భలే ఇష్టం. 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో కొందరు పసికందులకు ఈ వైరస్ సోకినా విరేచనాలు పట్టుకోలేదు. ఎందుకలా అని డాక్టర్ ఎం.కె. భాన్, ఆయనతోటి వాళ్లు వెంటపడ్డారు. ఆ పిల్లల్లో దొరికిన వైరసే ఈ టీకాకు మూలం. టీకా బయటికొచ్చింది 2015లో. మన రాష్ట్రంలో పిల్లలకు వేయడం 2016లో మొదలైంది.

దాదాపు ముప్పయ్యేళ్లు! లాభం చూసుకునేవాడు అంతకాలం ఆగుతాడా? విదేశీ సాయమూ ఉంది, కాదనను. కానీ ప్రభుత్వ బయోటెక్నాలజీ శాఖ డబ్బు పెట్టకపోతే మధ్యలోనే ఆగిపోయేదేమో.

పరిశోధనలకి పన్నుల డబ్బు దండగ అని వాదించే మా ఆఫీసు మిత్రుడికి వీడి నాలుక ఫొటో పంపాను. ఇంకా రిప్లై లేదు.

అమ్మకీ ఇదంతా చెప్పాను. "ఐదు చుక్కలకి ముప్పయ్యేళ్లా!" అంటూ వాడి మూతి తుడిచింది.