మిరపకాయను కూరగా వండే ఊళ్లో

భూటాన్ సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్‌లో పర్మిట్లు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి నుంచి రాజధాని థింఫూ దాకా కొండదారే, మలుపు మీద మలుపు. అమ్మ దారి పొడుగునా నిమ్మకాయ వాసన చూస్తూ కళ్లు మూసుకుని కూర్చుంది. ఊళ్లోకి దిగేటప్పటికి చీకటి పడిపోయింది. మనకన్నా అరగంట ముందుండే దేశం కాబట్టి ఆకలి కూడా అరగంట ముందే మొదలైనట్టనిపించింది.

ఖర్చు సంగతి ముందే చెప్పేస్తాను. మన దేశం వాళ్లకి తలకి రాత్రికి 1,200 రూపాయల ప్రభుత్వ రుసుము, హోటలు, తిండి కాకుండా. మేం ముగ్గురం, మూడు రాత్రులు. లెక్క మీరే వేసుకోండి.

పొద్దున్నే ఊరి మధ్య కూడలికి వెళ్లాం. దేశ రాజధానిలో ట్రాఫిక్ లైటు లేదంటే నమ్మలేదు గానీ, నిజంగానే లేదు. రంగురంగుల చిన్న మండపం, అందులో తెల్ల గ్లౌజులు వేసుకున్న పోలీసు. ఆయన చేతులు తిప్పే తీరు చూస్తే నాట్యం నేర్చుకున్నాడేమో అనిపిస్తుంది. ఒకప్పుడు లైటు పెట్టి చూశారట, జనానికి నచ్చక తీసేశారట. ‘‘ఈయన్ని మన గుంటూరు శంకర్‌విలాస్ సెంటర్‌లో ఓ గంట నిలబెడితే?’’ అంది మా ఆవిడ. పాపం, ఎందుకులే అన్నాను.

మేం చేసిన తెలివితక్కువ పని తాషిచ్ఛో జోంగ్‌కి మధ్యాహ్నం పూట పోవడం. పనిదినాల్లో ఆఫీసులు మూసేశాకే లోపలికి రానిస్తారు. అది కోట, మఠం, సచివాలయం అన్నీ కలిసిన కట్టడం. రాజుగారి కొలువూ అక్కడే. గేటు దగ్గర నుంచి వెనక్కి తిరిగి, సాయంత్రం అయిదు దాటాక మళ్లీ వెళ్లాం. మూడో రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ రాజధానిని థింఫూకి మార్చాక 1960ల్లో దీన్ని దాదాపు కొత్తగా కట్టించాడు. పాత పద్ధతిలోనే, ప్లాను గీయకుండా, మేకులు వాడకుండా కట్టారట. లోపల రాళ్లు పరిచిన పెద్ద వాకిలి. మెరూన్ బట్టల్లో చిన్న సన్యాసులు గుసగుసలాడుకుంటూ పోతున్నారు. ఆ వాకిట్లో మా చెప్పుల చప్పుడు మాకే గట్టిగా వినిపించి నడక నెమ్మదించాం.

ఆ రాజు జ్ఞాపకార్థం 1974లో కట్టిన తెల్లటి చోర్టెన్, అంటే బౌద్ధ స్తూపం దగ్గర అమ్మ మాకు చిక్కలేదు. ముసలివాళ్లు జపమాలలు తిప్పుకుంటూ దాని చుట్టూ తిరుగుతున్నారు. మన ప్రదక్షిణల్లాగే, కుడివైపుగా. అమ్మ కూడా వాళ్లలో కలిసిపోయింది. మొక్కేమీ లేదు, అయినా పదకొండు చుట్లు. నాలుగో చుట్టుకి ఒక ముసలావిడ తోడైంది. ఈవిడ తెలుగు, ఆవిడ వాళ్ల భాష జోంగ్‌ఖా. మధ్యలో ఇద్దరూ మోకాళ్లు పట్టుకుని నవ్వుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో అడగక్కర్లేదు.

కొండ మీది బుద్ధ దోర్దెన్మా విగ్రహం 169 అడుగులు. మన అమరావతి ధ్యానబుద్ధుడు 125. అమ్మకి ఈ తేడా నచ్చలేదు. లోపల లక్షా పాతికవేల చిన్న బుద్ధ విగ్రహాలున్నాయని చెప్పాక కాస్త మెత్తబడింది. నాకు మాత్రం విగ్రహం కన్నా అక్కడి గాలి, కింద లోయలో బొమ్మల్లా సర్దినట్టున్న ఊరు ఎక్కువ నచ్చాయి. ఊరు 2,300 మీటర్ల ఎత్తులో ఉంటుంది, గబగబా మెట్లెక్కితే ఆయాసం ఖాయం.

ఇక తిండి. ఎమా దాత్శీ. ఎమా అంటే మిరపకాయ, దాత్శీ అంటే జున్నులాంటి చీజు. మిరపకాయల్ని నిలువుగా చీల్చి, బెండకాయల్లా గిన్నెడు వండి ఎర్రబియ్యం అన్నంతో పెడతారు. గుంటూరు వాళ్లం, మనకో లెక్కా అని పెద్ద ముద్ద కలిపాను. మూడో ముద్దకి కళ్లల్లో నీళ్లు. అమ్మ తాపీగా తింటూ, ‘‘కారం సరిపోయింది గానీ పోపు పడలేదురా’’ అంది.

చివరి రోజు నది ఒడ్డున ఉన్న రైతు బజారుకి తీసుకెళ్తే, అమ్మ ఎండు మిరపకాయలు అరకిలో బేరమాడి కొంది. గుంటూరుకి మిరపకాయలు మోసుకెళ్తామా అని నేనెంత మొత్తుకున్నా వినలేదు. వాటితో పెట్టిన పచ్చడి ఇప్పుడు ఇరుగుపొరుగుకి పంచుతోంది, ఎక్కడివో మాత్రం చెప్పట్లేదు.