మురుగుకాల్వ కొలతలు అడిగిన కథ: నా అనుభవం

మా ఊరు తెలంగాణలో ఒక చిన్న గ్రామం. బడి వెనక వీధిలో సిమెంటు మురుగుకాల్వ తవ్వుకుంటూ వచ్చి చివరి మూడిళ్ళకు ముందే ఆపేశారు. వాన పడితే నీళ్ళు పక్కింటి పెద్దమ్మ గడప దాకా వస్తున్నాయి. పంచాయతీలో అడిగితే "పని పూర్తయింది సార్, బిల్లు కూడా అయిపోయింది" అన్నారు. పంచాయతీల ఖర్చుల లెక్కలు చూపే, 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో మా పంచాయతీ చెల్లింపులు తెరిచి చూస్తే, బిల్లు అయిపోయిన మాట నిజమే.

సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద దరఖాస్తు రాశాను. గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము అక్కర్లేదు. మొదటి చిత్తులో "కాల్వ ఎందుకు ఆపారు?" అని రాసి కొట్టేశాను, ఎందుకంటే ఈ చట్టం కింద ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారమే తప్ప సంజాయిషీ కాదు. పంచాయతీ తీర్మానం, అంచనా, చెల్లింపు ఓచరు, ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, ఈ నాలుగింటి నకళ్ళు మాత్రమే అడిగి, నా ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను. ఆ ముద్రే తర్వాత అక్కరకొచ్చింది. 30 రోజులు గడిచినా జవాబు రాకపోవడంతో సెక్షన్ 19(1) కింద మొదటి అప్పీలు వేశాను. విచారణ తర్వాత నకళ్ళు సిద్ధం చేసి పేజీకి 2 రూపాయలు కట్టమన్నారు. గడువు దాటితే ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6) చెబుతుందని మర్యాదగానే గుర్తుచేశాను. మారుమాట లేకుండా ఇచ్చేశారు.

ఎం.బుక్‌లో కాల్వ పొడవు 96 మీటర్లని ఉంది. మరునాడు పొద్దున్నే పెద్దమ్మ మనవడు టేపు ఒక కొస పట్టుకోగా, పెళ్ళలు తొలగించుకుంటూ రెండుసార్లు కొలిచాం. రెండుసార్లూ 71 మీటర్లే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ 25 మీటర్ల తేడా కాదు. అంచనా, ఎం.బుక్, ఓచరు అన్నింటిలోనూ 96 అనే అంకె పొల్లుపోకుండా ఉంది కాబట్టి, కాగితాన్ని కాగితంతో సరిచూసే ఆడిట్‌కు ఇందులో తప్పు కనిపించే వీలే లేదు. ఆ కాల్వ పక్కన రోజూ నడిచేవాళ్ళకు ఆ పేజీ చూపించి ఉంటే, బిల్లు పెట్టకముందే పట్టుకునేవాళ్ళు.

గ్రామసభలో ఎవరినీ నిందించకుండా రెండు కొలతలనూ చదివి, మళ్ళీ కొలవమని కోరాను. వారం తిరగకముందే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి కొలిచారు. మిగిలిన కాల్వను గుత్తేదారు తన ఖర్చుతోనే పూర్తిచేశాడు. ఇకపై ఏ పనికైనా బిల్లు పెట్టే ముందు ఎం.బుక్ పేజీ నకలు పంచాయతీ బోర్డు మీద అంటించాలని ఆ తర్వాతి సభలో తీర్మానం చేయించాం. మొదటి నకలు నిన్ననే అంటించారు: సీసీ రోడ్డు, 60 మీటర్లు. ఆదివారం టేపు తీసుకుని వెళ్తున్నాం.