గోల్కొండ సిపాయిలు, 28 మి.మీ.: చేతులు, తలపాగాలు, డాళ్లు

ఒక్కోటి సుమారు 28 మి.మీ. ఎత్తుండే ఎనిమిది సిపాయి బొమ్మల్లో ఐదు ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) దాకా వచ్చాయి. రెండింటికి తలపాగా చుట్టాలి. ఒకదాని కుడిచెయ్యి ఊడిపోయి పని మళ్లీ మొదటికొచ్చింది.

ఇది 1687 ముట్టడి నాటి కుతుబ్‌షాహీ కాల్బలం. 17వ శతాబ్దపు యూరప్ సైనికుల ప్లాస్టిక్ కిట్‌లోంచి మొండెం, కాళ్లు మాత్రమే వాడుతున్నాం. టోపీలు, కోటు అంచులు, తుపాకీ చేతులు కోసేసి, వాటి బదులు తలపాగా, జామా (పక్కన ముడివేసే పొడుగు అంగీ), పట్కా (నడికట్టు), డాలు, రెజిన్‌లో పోతపోసిన తల్వార్ చేతులు.

ఊడిన చెయ్యి సంగతి ముందు చెప్పాలి. మోడల్ సిమెంట్ పాలిస్టైరీన్‌ను కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేస్తుంది. రెజిన్‌ను అది కరిగించలేదు కాబట్టి రెజిన్ చేతికి ఫెవిక్విక్ లాంటి సైనో జిగురే దిక్కు. అది లాగుడుకు బాగా ఆగుతుంది, పక్కనుంచి వంచితే పుటుక్కున విడిపోతుంది. భుజం అతుకు 2 మి.మీ., కత్తి పొడవు 16. కత్తి కొసకు వేలు తగిలితే చాలు, మీటతో పెకలించినట్టే. పైగా ఆ చేతికి, అచ్చులోంచి ఊడిరావడానికి రాసే నూనె పోలేదు. రెజిన్ భాగాల్ని గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు వేసి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పూర్తిగా ఆరాకే జిగురు ముట్టించాలి.

మిగతా ఏడింటికీ చేతినీ మొండేన్నీ కలుపుతూ లోపల తీగ వేశాం, ఒక్కటీ కదల్లేదు. 0.6 మి.మీ. డ్రిల్ బిట్, 0.5 మి.మీ. ఇత్తడి తీగ, అటు 3 మి.మీ., ఇటు 3 మి.మీ. లోతు. పేపర్ క్లిప్ తీగ దాదాపు 1 మి.మీ. ఉంటుంది, అది అరికాలు నుంచి దిమ్మలోకి దించడానికి బాగుంటుంది గానీ ఈ సైజు భుజాన్ని చీలుస్తుంది. కోఠి గుజరాతీ గల్లీలో సర్క్యూట్ బోర్డులకు వాడే సన్న బిట్లు దొరుకుతాయి. వాటిలో కార్బైడ్‌వి చేత్తో తిప్పే చిన్న డ్రిల్ అయిన పిన్ వైస్‌లో కాస్త వంగినా విరిగి లోపలే ఉండిపోతాయి, అందుకే హైస్పీడ్ స్టీల్‌వి అడగాలి. రంధ్రాలు ఎదురెదురుగా కుదరడానికి: మొండెం వైపు ముందు తొలిచి, తీగ ముక్కను 1 మి.మీ. బయటికి ఉంచి, కొసకు చుక్క రంగు అంటించి, చేతిని సరైన భంగిమలో ఒక్కసారి తాకించాలి. చుక్క పడ్డచోట తొలవాలి. రంధ్రం వంకర పోతే దాన్నే వెడల్పు చేయకండి. పుట్టీతో పూడ్చి, గట్టిపడ్డాక కొత్తది తొలవడమే మేలు.

జిగురు ఎక్కువైతే అతుకు బలహీనమవుతుంది. గుండుసూది మొనమీద నిలిచేంత చాలు. సైనో జిగురు గట్టిపడేది గాలిలోని తేమతో. మే నెల పొడి గాలిలో ఆలస్యమైతే అతికించబోయే చోట ఒకసారి నోటి ఆవిరి ఊదండి. వానాకాలంలో టక్కున పట్టేస్తుంది గానీ చుట్టూ తెల్లటి బూడిదలాంటి పొర దిగుతుంది. తక్కువ జిగురు, మెల్లగా తిరిగే ఫ్యాను ఉంటే అది పెద్దగా రాదు, వచ్చినా ప్రైమర్ కింద కనబడదు. తెరవని ట్యూబులు సిలికా జెల్ పొట్లంతో గట్టి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా తెరవకూడదు, లేకపోతే లోపల తేమ పడుతుంది.

పుట్టీలో రెండు రకాలు కలిపి వాడుతున్నాం. లోపలి బొద్దు అంతా ఎం-సీల్, రెండు ముద్దలూ సమానంగా, చారలు పోయి ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. రేణువు ముతక కాబట్టి పై పొరకు పనికిరాదు. మడతలు, ముడులు అన్నీ గ్రీన్‌స్టఫ్ (బొమ్మల పనికి వాడే ఎపాక్సీ పుట్టీ). అందులో పసుపు రెజిన్, నీలం గట్టిపరిచేది. పసుపు కొంచెం ఎక్కువైతే మెత్తగా, జిగటగా ఉండి బట్ట మడతలకు ఒదుగుతుంది. నీలం ఎక్కువైతే అంచు పదునుగా నిలుస్తుంది. రెండు రంగులూ ఒకే పట్టీగా వచ్చే రకమైతే మధ్యలో అవి కలిసే గీత ముందే గట్టిపడి ఉంటుంది. అక్కడ 2 మి.మీ. కోసి పారేయాల్సిందే. పిసినారితనం చేస్తే గింజలు గింజలుగా ముఖం మీదే తేలతాయి. చేతులకు నైట్రైల్ తొడుగులు తప్పనిసరి. పచ్చి ఎపాక్సీ పదేపదే తగిలితే చర్మానికి అలర్జీ పట్టుకుంటుంది, పడితే ఇక వదలదు.

నున్నటి ప్లాస్టిక్ మీద పుట్టీ నిలవదు. ముందు బ్లేడుతో అడ్డదిడ్డంగా గీతలు గీయాలి. తలపాగాకు నెత్తి చదునుగా కోసి, మధ్యలో చిన్న తీగ ముక్క నిలబెట్టి, దాని చుట్టూ మిరియపు గింజలో సగం ఎం-సీల్. ఇది రాత్రంతా ఆరాలి. మొదటి రెండింటికీ తొందరపడి పచ్చి బొద్దు మీదే చుట్టేసరికి, పైన నొక్కిన ప్రతిసారీ కింద జరిగి తల ఒకవైపు ఉబ్బింది. ఇప్పుడు చుట్టాల్సిన రెండూ అవే. గ్రీన్‌స్టఫ్‌ను అర మిల్లీమీటరు మందాన వత్తి, అరగంట వదిలి, 1.5 మి.మీ. పట్టీలుగా కోసి చుట్టాలి. వెంటనే కోస్తే సాగిపోతాయి. పనిముట్టుకు నీళ్ల తడి చాలు. వాజలీన్ రాస్తే నున్నగా వస్తుంది గానీ తర్వాతి పొర, రంగు రెండూ పట్టవు, సబ్బుతో కడగాల్సి వస్తుంది.

జామా ముడి ఎటు వేస్తున్నారో చూసుకోండి. ముస్లిం సిపాయికి కుడి చంక కింద, హిందువుకు ఎడమవైపు. ఇంత చిన్న బొమ్మలోనూ అది కనిపిస్తుంది, తెలిసినవాళ్లు మొదట చూసేది అదే.

డాలుకు మందుబిళ్లల స్ట్రిప్ మంచి అచ్చు. అసలు డాలు అర మీటరు అనుకుంటే ఈ కొలతలో 9 మి.మీ., గుండ్రటి బిళ్ల గుంత సరిగ్గా సరిపోతుంది. గుంతలో పలుచగా నూనె రాసి, 1 మి.మీ. మందాన ఎం-సీల్ పరిచి, మర్నాడు వెనకనుంచి నొక్కితే ఊడొస్తుంది. అంచు 400 నంబరు ఎమిరీ పేపర్‌తో, తడిపి, ముక్కుకు మాస్కుతో అరగదీయాలి. మీద నాలుగు బొడిపెలకు నాలుగు గసగసాలు, ఒక్కొక్కటి సైనో చుక్కతో. ఆవగింజ పెద్దదైపోయింది.

తల్వార్ పిడి కొసన ఉండే బిళ్ల ఈ రెజిన్ చేతులకు లేదు. సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో దాని ఆకారం దగ్గరగా చూడొచ్చు. పావు మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటులోంచి 1.5 మి.మీ. బిళ్లలు గుచ్చి తీసి అతికించాం.

భుజం సందులకు కొందరు సైనో జిగురు మీద వంట సోడా చల్లుతారు. క్షణంలో గట్టిపడుతుంది, నిజమే, కానీ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిగా తయారవుతుంది కాబట్టి అరగదీస్తే పక్కది అరిగి అది మిగులుతుంది. ఆ సందుల్లో పసుపు ఎక్కువ వేసిన గ్రీన్‌స్టఫ్ సన్నటి దారంలా తోసి, తడి బ్రష్‌తో సర్దాం. చొక్కా మడతలా కలిసిపోయింది.

ప్రైమర్ స్ప్రే పొద్దున ఏడు, ఎనిమిది మధ్య, వాన లేని రోజున. ఎండ మండేటప్పుడు కొడితే తుంపర గాల్లోనే ఆరి ఇసుకలా పడుతుంది. ముసురులో అయితే మబ్బుపట్టినట్టు తెల్లబడుతుంది. బూడిద రంగే వేశాం, నలుపైతే పుట్టీ అతుకులు కనబడవు. ఐదింటిలో ఒకదాని పట్కా కింద వేలిముద్ర అలా బయటపడింది, 600 నంబరుతో తీసేయాలి. ఊడిన చేతికి పాత జిగురు గీకి, సబ్బుతో కడిగి ఆరబెట్టాం. రేపు తీగ వేయాలి, ఆ తర్వాత రెండు తలపాగాలు.